జడ్జి వేషానికి వన్స్ మోర్

మొన్న ఆదివారం భోజనాలయ్యాక వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే, ముందు గదిలో ఎవరూ చూడకుండా మోగుతున్న టీవీలోంచి ఒక గొంతు వినిపించి, చేతిలో ఉన్న పళ్ళెం అలాగే పట్టుకుని వెళ్ళి నిలబడిపోయాను. పాతకాలపు నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా, అందులో నడివయసు మిలిటరీ అధికారి ఒకాయన కుర్ర సిపాయిని కోప్పడుతున్నాడు, కోప్పడుతూనే మధ్యలో గొంతు తగ్గించి ఏదో బుజ్జగింపు మాట అన్నాడు, అంతే, మొహం చూడక్కర్లేకుండానే మనిషి ఎవరో తెలిసిపోయింది నాకు. సోఫాలో కూర్చున్న మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి "హూ ఈజ్ యువర్ మ్యాన్, అమ్మా?" అని అడిగింది. ఇక్కడి వాళ్ళ భాషలో 'యువర్ మ్యాన్' అంటే 'ఆ మనిషి' అనే అర్థం తప్ప ఇంకేం లేదు, అయినా మా వారు ఆ గదిలో లేకపోవడమే మంచిదయింది. నువ్వు తోపుడుబండిలో పాలసీసాతో నిద్రపోయే రోజుల్లో నీకు జోలపాట పాడినంత పని చేసిన మనిషే అని చెబితే అది నమ్మలేదు. వాళ్ళ వయసుకు నమ్మే మాట కూడా కాదు లెండి, మన వయసు వాళ్ళయితే నమ్ముతారు.

మేం ఐర్లండులో, డబ్లిన్ పక్కనున్న లీక్స్‌లిప్‌లో కాపురం పెట్టిన రోజులు అవి. మా వారిది కంప్యూటర్ చిప్పులు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం, కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా తెల్ల ముసుగులు తొడుక్కుని చేసే పని. లువాస్ అనే కొత్త ట్రాము పట్టాల కోసం డబ్లిన్ వీధులన్నీ తవ్విపోశారు, ఎటు చూసినా క్రేన్లు, బస్‌స్టాపులో పక్కన నిలబడ్డ ముసలావిడ కూడా వాతావరణం సంగతి ఒక ముక్క చెప్పి వెంటనే ఇళ్ళ ధరల్లోకి దిగేది. ఊరంతా సంపాదనలో ఉంటే, నాలాంటి ఉద్యోగుల భార్యలకు మాత్రం పనిచేసే అనుమతి లేదు. గుంటూరులో ఎమ్మే ఇంగ్లీషు చదివి వచ్చిన నేను, పొద్దున్నే చంటిదాన్ని బగ్గీ అనే తోపుడుబండిలో వేసుకుని లిఫీ నది ఒడ్డున నడవడం, తిరిగొచ్చి వండటం, ఇంటివాళ్ళు 'హాట్ ప్రెస్' అన్నది బట్టలారేసే వెచ్చటి అలమార అని తెలియక కొన్నాళ్ళు అందులో ఇడ్లీ పిండి పులియబెట్టడం, ఇలా రోజులు వెళ్ళదీసేదాన్ని. పిండి మాత్రం అందులో అద్భుతంగా పొంగేదని ఒప్పుకోవాలి. ఇప్పటికీ అక్కడే పెడతాను.

ఆ నది ఒడ్డున ఒక తెల్ల ఇల్లు, దాని తోటలో ఒక పొడుగాటి ముసలాయన. రోజూ ఒకే టైముకు, చేతులు వెనక్కి కట్టుకుని, ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ నడుస్తూ తనలో తను మాట్లాడుకునేవారు. దారిన పోయేవాళ్ళు పాపం మతి పోయిందేమో అన్నట్టు చూసి తప్పుకునేవారు గానీ, నాకు మాత్రం కాళ్ళు అక్కడే ఆగిపోయేవి. మా నాన్నగారు కూడా సరిగ్గా అంతే. తెనాలి పక్కన తాలూకాఫీసులో పగలంతా గుమాస్తా, తిరనాళ్ళొస్తే పద్యనాటకాల్లో రాజు. పైఅధికారి దగ్గర నోట్లో నాలుక లేనట్టుండే మనిషి కిరీటం పెట్టుకోగానే మూడు ఊళ్ళకు వినిపించేలా గర్జించేవారు. ఆయన కాలవ గట్టున నడుస్తూ పద్యాలు వల్లె వేస్తుంటే పుస్తకం పట్టుకుని వెనకాల నడిచేది నేనే, నాటకం రోజు పక్క తెర వెనక కూర్చుని మాట అందించేదీ నేనే. అందుకని ఆ ముసలాయన మతి పోయినవాడు కాదనీ, వేషం కడుతున్నాడనీ నాకు చూడగానే అర్థమైంది.

రోజూ వినగా వినగా ఆ మాటలు నాకూ నోటికొచ్చేశాయి. ఒకరోజు ఆయన ఒకచోట ఆగి నీళ్ళు నములుతుంటే, నా ప్రమేయం లేకుండానే కంచె ఇవతలినుంచి తర్వాతి మాట అందించాను. ఆయన ఉలిక్కిపడి, నన్నూ బగ్గీనీ ఎగాదిగా చూసి, ఆ మాట అందుకుని చివరిదాకా చెప్పేసి, అప్పుడు గేటు తీశారు. అలా మొదలైంది మా స్నేహం. వారంలో చాలా రోజులు ఆయన తోటలో పిల్ల నిద్రపోతుంటే నేను పుస్తకం పట్టుకునేదాన్ని, ఆయన టీ పెట్టేవారు. ఆ టీ సంగతి ఇక్కడ రాయకపోవడమే ఆయనకు నేను చేయగల మర్యాద.

మర్యాదంటే గుర్తొచ్చింది. మనకు 'సార్' అనడం ఊపిరి పీల్చినంత సహజం కదా, బస్సు కండక్టరూ సారే, బ్యాంకులో గుమాస్తా సారే. నేను మాటకు ముందొకటి వెనకొకటి సార్ తగిలిస్తుంటే ఆయన మొహం చిన్నబుచ్చుకుని, ఈ ఊళ్ళో తనను ఎవరూ అలా పిలవరనీ, అందుకే హాయిగా ఉన్నాననీ అన్నారు. ఆయనకు ఇంగ్లండు రాణిగారు ఇచ్చిన 'సర్' బిరుదు ఉందని నాకేం తెలుసు? మర్యాద చాల్లేదేమోననుకుని మర్నాటినుంచి 'సార్ గారూ' అనడం మొదలుపెట్టాను. ఆ 'గారు' ఏమిటని అడిగి, నేను చెప్పాక దగ్గొచ్చేదాకా నవ్వారు. చివరికి మనవాళ్ళందరినీ పిలిచినట్టే 'అంకుల్' అంటే ఒప్పుకున్నారు, దాంతో పోస్టాఫీసులో ఆవిడ మేం బంధువులమనుకుని, మీ అంకుల్‌కి పార్సెలు వచ్చింది పట్టుకెళ్ళమ్మా అని నా చేతికిచ్చేది.

ఆయన కథంతా ఆ తోటలోనే విన్నాను. ఉత్తర ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు, తండ్రి ట్రామ్ కండక్టరు, స్టాపుల పేర్లు అరిచే ఆయన గొంతే కొడుక్కి వచ్చిన ఆస్తి. ఊళ్ళు తిరిగే నాటక కంపెనీలో స్టేజీ ఊడవడానికి చేరి, పళ్ళెం పట్టుకుని నిలబడే వేషాలు వేసి, వారానికొక కొత్త నాటకం చొప్పున ఆడుతూ, సోమవారం ఆడే నాటకాన్ని ఆదివారం బట్టీ పట్టి వారం తిరిగేసరికి మరిచిపోయే చదువు చదివారు. లండన్ పెద్ద స్టేజీల మీద రాజు వేషాలు వేసేనాటికి పెళ్ళయింది. సినిమావాళ్ళు మాత్రం ఆయన్ని నలభై దాటాకగానీ పిలవలేదు, కుర్రవాడిగా ఉన్నప్పుడే ముసలి మొహమట. అక్కడినుంచి కల్నల్లు, జడ్జీలు, బిషప్పులు, ఒక్క సీనులో కనిపించి భయపెట్టి వెళ్ళిపోయే విలన్లు. స్టేజీ మీద ఎంతమంది రాజుల్ని చంపి బతికించినా రాని పేరు, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని రెండు మాటలు చెప్పిన ఒక విలన్ వేషంతో వచ్చిందని నవ్వేవారు. ఐర్లండుకు ఒక షూటింగు కోసం వచ్చారు, వాన వెలవక షూటింగు ఆగిపోయింది, ఆగినన్నాళ్ళూ ఆయనా భార్యా ఈ నది ఒడ్డున నడిచారు, నచ్చి ఉండిపోయారు. నేను వెళ్ళేనాటికి ఆవిడ లేదు.

ఇంతకీ ఆ వల్లె వేయడం దేనికంటే, డబ్లిన్‌లో ఒక నాటకం ఒప్పుకున్నారు, ఇదే ఆఖరిదని ముందే చెప్పేశారు. పాత కోర్టు భవనాన్ని ఫ్లాట్లు కట్టడానికి పడగొట్టబోతుంటే, రిటైరైన జడ్జి ఒకాయన చివరిసారి వచ్చి ఖాళీ గదిలో తన కుర్చీలో కూర్చుంటాడు. కాపలావాడు తాళంచెవులతో నిలబడి ఉంటాడు. జడ్జి, ఎప్పుడో తాను శిక్ష వేసిన మనిషి ఆ ఖాళీ బోనులో ఉన్నాడనుకుని, ఆ రోజు నువ్వు చెప్పింది నిజమేనా అని అడుగుతాడు. రెండు పేజీల ఒకే ఒక్క మాట అది. దాని తర్వాత కాపలావాడితో "తలుపులు తియ్యి" అంటాడు, వాడు తీస్తాడు, బయటి మనుషులు లోపలికొస్తారు, కథ ముందుకు నడుస్తుంది. ఆ రెండు పేజీలే ఆయనకు గండమైపోయాయి. నాటకం డైరెక్టరు మా వారి వయసువాడు, మంచివాడే, ముసలాయన బాధపడకుండా చెబుదామని చాలా తిప్పలు పడి, చెవిలో పెసరగింజంత యంత్రం పెట్టుకుంటే పక్కనుంచి మాటలు వినిపిస్తామన్నాడు. ఈ రోజుల్లో పెద్దపెద్దవాళ్ళే పెట్టుకుంటున్నారు, ఇట్స్ గ్రాండ్, ఏం పర్వాలేదు, అన్నాడు. అంకుల్ మొహం చూడలేకపోయాను. చెవిలో ఎవరో చెబితే తిరిగి చెప్పడానికి నేను అక్కర్లేదు, చిలక చాలు, అది పెట్టాల్సివస్తే వేషం వదిలేస్తాను, నా నోటి మాటతోనే ఈ పని ముగించుకుని వెళ్ళాలని ఉంది, అన్నారు నాతో. ఆయనకిక మిగిలిన కోరిక అదొక్కటేనని నాకు తెలుసు, ఆ రోజునుంచి అది నా కోరిక కూడా అయిపోయింది.

సరిగ్గా ఆ నెలలోనే మా నాన్నగారు వచ్చారు. అమ్మకు విమానమంటే భయం, చెల్లెలి దగ్గర ఉండిపోయింది. జూన్‌లో మంకీ టోపీ పెట్టుకుని ఆ తోటలో కూర్చున్న నాన్నగారికి ఇంగ్లీషు తాలూకాఫీసు మట్టుకే వచ్చు. అయినా అంకుల్ వల్లె వేస్తుంటే తొడ మీద తాళం వేస్తూ వినేవారు. ఆ మాటకు ఒక నడక ఉందమ్మా, ఆయన అర్థం కోసం వెతుక్కుంటున్నాడు, నడక పట్టుకోమను, అర్థం అదే వెంట వస్తది, అన్నారు. నేను మొహమాటపడుతూనే ఆ మాట చెప్పాను. అంకుల్ అది మా ట్రామ్ నాన్న కూడా చెప్పేవాడంటూ సంతోషపడ్డారు.

ఒక మధ్యాహ్నం నాన్నగారు ఒక పద్యం ఎత్తుకున్నారు. రాగం సాగుతూ సాగుతూ నది అవతలికి వెళ్ళింది, పక్కింట్లో గడ్డి కోసే మిషను ఆగిపోయింది. పద్యం నచ్చితే మా జనం వన్స్ మోర్ అంటారనీ, అంటే కథ ఎక్కడున్నా సరే ఆపి ఆ పద్యం మళ్ళీ పాడాల్సిందేననీ నేను వివరించాను. మరి రాజు చనిపోయే పద్యమైతే ఏం చేస్తారని అంకుల్ అడిగారు. నేను తెలుగులో చెప్పగానే నాన్నగారు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు మొహం పెట్టి, "లేచి మళ్ళీ చచ్చేవాణ్ణి" అన్నారు. ఆ జవాబు అంకుల్‌కి ఎంత నచ్చిందంటే, తర్వాత ఫోనులో డైరెక్టరుకి కూడా చెప్పుకున్నారు.

చివరి రిహార్సల్లో అంకుల్ తడబడ్డా ఎలాగో గట్టెక్కారు. యంత్రం సంగతి మొదటి ఆట చూసి తేల్చుకుందామన్నాడు డైరెక్టరు. ఆ రోజు మా వారు పిల్లను చూసుకుంటానంటే నేనూ నాన్నగారూ రైలెక్కి వెళ్ళాం. నాన్నగారు పట్టు లాల్చీ, ఉత్తరీయం వేసుకున్నారు, నేను పోరగా పోరగా పైన స్వెట్టరు వేసుకున్నారు. మేడ మీద మొదటి వరసలో సీట్లు. హాలు నిండిపోయింది. అంకుల్ స్టేజీ మీదికి రాగానే చప్పట్లు మోగాయి, అవి ఆయన పాత సినిమాలకు కొట్టిన చప్పట్లని నాకు తెలుస్తూనే ఉంది.

ఆ రెండు పేజీలూ వచ్చాయి. నేను సీటు చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మొదలుపెట్టారు, నడక దొరికింది, ఒక్క మాట తొట్రుపడలేదు. ఖాళీ బోను వైపు చూస్తూ, ఇన్నాళ్ళూ నేను నిద్రపోలేదయ్యా అన్న చోట గొంతు తగ్గించిన తీరుకు నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. అయిపోయింది. ఇక ఒక్క ఊపిరి తీసుకుని "తలుపులు తియ్యి" అనాలి. ఊపిరి తీసుకున్నారు. అనలేదు. ఇంకో ఊపిరి తీసుకున్నారు. జనం అది నటన అనుకుని అలాగే బిగబట్టి చూస్తున్నారు. నేను మాత్రం సీట్లో ముందుకు వంగాను. రెండు పేజీలు మోయడానికి ప్రాణమంతా పెట్టినాయన, ఆ రెండే రెండు మాటల్ని దారిలో ఎక్కడో జారవిడిచేశారు. కాపలా వేషం వేసిన అబ్బాయి తాళంచెవులు పట్టుకుని అలాగే నిలబడ్డాడు, వాడు చెప్పగలిగిన మాట ఏదీ లేదు. నేను నోరు తెరిచాను, మేడ మీదినుంచి మాట ఎలా అందించను?

అప్పుడు నా పక్కనుంచి, మైకులు లేని రోజుల్లో పొలాల మీదుగా వినిపించిన గొంతుతో, "వన్స్ మోర్!" అని కేక.

హాలంతా తలలు తిప్పింది. ఎవరో కిసుక్కున నవ్వారు, ఎవరో ఉష్ అన్నారు, టార్చి పట్టుకున్న ఆవిడ మెట్ల మీదినుంచి మా వైపు గబగబా వస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. నాన్నగారు మాత్రం ఇవేవీ పట్టకుండా, అడిగింది వస్తుందన్న ధీమాతో స్టేజీ కేసి చూస్తున్నారు. అక్కడ జడ్జి నెమ్మదిగా తలెత్తి చీకట్లోకి చూశాడు. కుర్చీ దాకా నడిచాడు. కూర్చున్నాడు. బోను వైపు తిరిగి, ఆ రోజు నువ్వు చెప్పింది నిజమేనా అని మళ్ళీ మొదటినుంచి అడగడం మొదలుపెట్టాడు. ఈసారి అరుపు లేదు, తీర్పు చెప్పే ఠీవి లేదు, జవాబు కావలసిన మనిషి అడిగినట్టు అడిగాడు. టార్చి ఆవిడ మెట్ల మీదే ఆగిపోయింది. అంత హాల్లో ఒక్కరు దగ్గలేదు. చివరికొచ్చేసరికి, ఆ నడక మీదే, ఎవరో చేతిలో పెట్టినట్టు, "తలుపులు తియ్యి" అన్న మాట వచ్చేసింది. కాపలా అబ్బాయి పరుగున వెళ్ళి తలుపులు తీసిన వేగం తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.

ఆట అయ్యాక లోపలికి వెళ్ళాం. అంకుల్ మొహానికి రంగు ఇంకా అలాగే ఉంది. నా రెండు చేతులూ పట్టుకుని, ఎంత తెలివిగా కాపాడావు, పక్క తెర వెనక చోటు లేకపోతే నాన్న చేత మేడ మీదినుంచే అందించావు కదా అన్నారు. నేనేం చెప్పించలేదని చెప్పి, విషయం నాన్నగారికి తెలుగులో వివరించాను. నాన్నగారి మొహంలో రంగులు మారాయి.

"ఆయన మరిచిపోయాడా? నాకేం తెలుసమ్మా? బాగుందని అడిగా. జాలిపడి అడిగితే అది వన్స్ మోర్ ఎట్టా అవుద్ది? ముందు ఆ మాట ఆయనకి చెప్పు."

ఆయనకు నిజంగా కోపం వచ్చింది. తన వన్స్ మోర్‌ను సాయం అనుకోవడం తనను అవమానించడమే అన్నట్టు ఉత్తరీయం సర్దుకుంటున్నారు. నేను భయపడుతూ ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. అంకుల్ నిలబడ్డవారు అద్దం ముందున్న కుర్చీలో కూర్చుండిపోయారు. ఎక్కడ బాగుందో అడగమన్నారు. నాన్నగారు మాటలు చెప్పలేరు కదా, ఇన్నాళ్ళూ నిద్రపోలేదయ్యా అన్న ఆ చోటు గొంతు ఎలా దిగిందో అచ్చంగా అలాగే కూనిరాగం తీసి, ఇదిగో ఇక్కడ, అని చేత్తో కిందికి చూపించారు. అంకుల్ రెండు చేతుల్తో మొహం కప్పుకున్నారు. రంగు అంతా చేతులకు అంటుకుంది. ఈ మధ్య ఎవరు చప్పట్లు కొట్టినా నా ముసలితనానికో, పాత సినిమాలకో, బిరుదుకో కొడుతున్నారని అనుమానం వస్తుండేది, ఈయనకు నా పేరు తెలియదు, నా సినిమాలు తెలియవు, చివరికి నా భాష కూడా తెలియదు, అన్నారు. నేనది తెలుగులో చెప్పబోతే నాన్నగారు వద్దని చెయ్యి ఊపారు, అర్థమైందట.

బయటికొస్తే, ఇక్కడి జూన్ రాత్రి కదా, ఇంకా వెలుతురు ఉంది. నాన్నగారు రైల్లో కూర్చోగానే నిద్రపోయారు, నేను మాత్రం లీక్స్‌లిప్ దాకా కిటికీలోంచి చూస్తూ నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. యంత్రం ఊసు ఇంకెవరూ ఎత్తలేదు. అంకుల్ ఆ నాటకాన్ని చివరి ఆట దాకా తన నోటితోనే ఆడారు. ఇందులో తమాషా ఏమిటంటే, పేపర్లో ఒక విమర్శకుడు, జడ్జి అదే ప్రశ్న రెండోసారి అడగడంలో న్యాయవ్యవస్థ మీద ఎంతో లోతైన వ్యాఖ్యానం ఉందని రాసేశాడు. దాంతో డైరెక్టరు రోజూ రెండుసార్లు అడగమన్నాడు. నేనది చదివి వినిపిస్తే నాన్నగారు పెదవి విరిచేశారు. అడిగేవాడు లేకుండా రోజూ వన్స్ మోర్ ఏమిటి, అది చెల్లదు, అన్నారు.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఒకరి తర్వాత ఒకరు, ఎక్కువ ఎడం లేకుండానే వెళ్ళిపోయారు. నేను తర్వాత అనుమతులొచ్చి లైబ్రరీలో ఉద్యోగం చేశాను, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, లీక్స్‌లిప్‌లో మనవాళ్ళు ఎంతమందయ్యారంటే ఇప్పుడు నది ఒడ్డున నడుస్తుంటే ఆంటీ అన్న పిలుపు వినిపించని రోజు లేదు. హాయిగానే ఉన్నాం. నాటకాలకు ఇప్పటికీ వెళుతుంటాను. డబ్లిన్‌లోనైనా, మన ఉగాది కార్యక్రమాల్లోనైనా, ఇప్పుడు ఏది ఆడినా చివర్లో హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది. బాగున్నా కొడుతుంది, అంతంతమాత్రంగా ఉన్నా కొడుతుంది. నేనూ అందరితో పాటు నిలబడతాను, కూర్చునే ఉంటే పెద్దరికానికి బాగుండదు కదా. కానీ నిలబడ్డ ప్రతిసారీ చూస్తుంటాను, ఒక చేత్తో కోటు అందుకుంటూ, ఒక కాలు గుమ్మం వైపు పెడుతూనే అందరం చప్పట్లు కొడుతుంటాం. లేచామంటే ఇంటికి సగం దారి వెళ్ళినట్టే. ఇంకాసేపు ఇక్కడే ఉంటాను, ఆ మాట ఇంకోసారి చెప్పు అని అడిగే మనిషి కోసం వరసలన్నీ వెతుకుతాను, ఒక్కరూ కనిపించరు. మా నాన్నగారు ఆ రోజు సీట్లోంచి లేవలేదు.